వంపు దగ్గర

"పట్టాల మీద కొండెక్కే కేబుల్ కారు మన గుమ్మంలోనే ఆగుతుందని లాస్ ఏంజిలిస్ అంతా గొప్పలు చెప్పుకున్నాం. రెండేళ్లకే కంపెనీ మూసేశారు. ఈ కొండ నేనెక్కలేను అడలీన్, ఇల్లు అమ్మేద్దాం," రొప్పుతూ అన్నాడు హొరేస్.

"మీ పొట్టకి నడక మంచిదే. నేను ఇల్లు వదలను."

"ఎందుకూ?"

మలుపొచ్చింది. ఇక్కడ కారు విసురుగా తిరిగేది. "వంపు! పట్టుకోండి!" అని డ్రైవరు అరిచేవాడు.

ఇప్పుడెవరూ అరవలేదు. అయినా అడలీన్ చెయ్యి చటుక్కున ఇద్దరి మధ్య ఖాళీలోకి వెళ్లింది, నిరుడు జ్వరంతో పోయిన కూతురు నెటీ భుజమంత ఎత్తుకి.

హొరేస్ నవ్వబోయాడు. అతని చెయ్యి అప్పటికే అక్కడుంది.

"ఇల్లు అమ్మంలే," అన్నాడు. "కాస్త మెల్లగా నడువు, పాప అందుకోలేదు."