ఎడమవైపు వెనక స్పీకర్

"ఏమయ్యా, నిన్నే!"

మూడోసారి పిలిచినా ఆ మనిషి వెనక్కి తిరగలేదు. టీవీ సౌండును గదిలోని స్పీకర్లకు పంచే కొత్త రిసీవర్ బిగించడానికి షాపు నుంచి వచ్చాడు. టీవీ బల్ల వెనక దూరి వైర్లు ఒక్కొక్కటే విడదీసుకుంటున్నాడు.

ఇంటాయనకు ఒళ్ళు మండింది. సొంత ఇంట్లో పిలిస్తే పలికే దిక్కు లేదు. కూతురితో రోజూ ఇదే గొడవ, ఇప్పుడు వీడు కూడానా అనుకున్నాడు.

అసలు ఈ రిసీవర్ కొన్నదే ఆ కూతురి కోసం. తొమ్మిదేళ్ళ పిల్ల. సినిమా పెడితే చాలు, "నాన్నా, మాటలు వినపడట్లేదు" అంటూ సౌండ్ పెంచుతుంది. ఆయన తగ్గిస్తాడు. ఆమె మళ్ళీ పెంచుతుంది. పై అంతస్తువాళ్ళు దిగొచ్చి తలుపు కొడతారు. తప్పంతా పదిహేనేళ్ళనాటి పాత రిసీవర్‌దేనని ఇంటాయన తేల్చేశాడు. అది ఫైటింగులు బాగానే వినిపిస్తుందట, మాటలు మాత్రం మింగేస్తుందట. కొత్తదైతే గదిని తనే కొలుచుకుని, ప్రతి మాటా విడదీసి వినిపిస్తుంది. నెల రోజులు దాని గొప్పలు చెప్పి ఇంట్లోవాళ్ళ బుర్ర తిని మరీ కొన్నాడు.

భుజం తట్టాక గానీ ఆ మనిషి తిరగలేదు. యాభై దాటి ఉంటాయి.

"చెప్పండి సార్," అంటూ కళ్ళార్పకుండా మొహంలోకి చూశాడు. ఆ చూపు కూడా ఇంటాయనకు నచ్చలేదు.

"సాయంత్రం మా ఆఫీసువాళ్ళు సినిమాకొస్తున్నారు. ఎంతసేపు పడుతుంది?"

"గంట సార్. ఎవరెవరు ఎక్కడ కూర్చుంటారో చూపించండి. ఆ చోట్ల మైకు పెట్టి కొలవాలి. కొలిచేటప్పుడు ఎవ్వరూ మాట్లాడకూడదు."

సోఫాలో నాన్న. పక్క కుర్చీలో అమ్మ. టీవీకి రెండడుగుల దూరంలో, నేలమీద పాప.

"అంత దగ్గరా?"

"అది దాని సింహాసనం లెండి," అని నవ్వింది ఇల్లాలు.

మైకును సోఫాలో నిలబెట్టాడు. రిసీవర్ ఒక్కో స్పీకర్ నుంచీ వరసగా కూత పెడుతూ పోయింది. ఆ మనిషి ఒక కన్ను రిసీవర్ తెరమీద, ఒక కన్ను మనుషుల మీద వేసి ఉంచాడు.

ఎడమవైపు వెనక స్పీకర్ వంతు వచ్చింది. ఇల్లాలు ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. ఇంటాయనా తిరిగాడు. పాప బొమ్మ గీసుకుంటూనే ఉంది.

ఆ మనిషి అదే స్పీకర్‌ను మళ్ళీ మోగించాడు. ఇంకోసారి మోగించాడు. పాప తలెత్తలేదు.

లేచి వెళ్ళి ఆమె ఎదురుగా చతికిలబడ్డాడు.

"ఏం బొమ్మ వేస్తున్నావు తల్లీ?"

"ఏనుగు."

ఈసారి చేత్తో నోరు మూసుకుని ఏదో అడిగాడు.

"ఆఁ?" అంది పాప.

అతను మెల్లగా లేచాడు.

"సార్, ఏమీ అనుకోకండి. పాప నా మాట వినట్లేదు, నా నోరు చూస్తోంది. చెవుల డాక్టరుకి ఒకసారి చూపించండి. ఆలస్యం చేయకండి."

ఇంటాయనకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"మా పాపకి చెవుడంటావా? మూడుసార్లు పిలిస్తే పలకనివాడివి, నువ్వా చెప్పేది?"

"అది కాదు సార్, నేను..."

"ఇంక చాలు. వచ్చిన పని చూసుకుని వెళ్ళు."

అతను తలొంచుకుని పని ముగించాడు. గుమ్మం దగ్గర ఇల్లాలి వైపు తిరిగి, "మర్చిపోకండమ్మా," అని వెళ్ళిపోయాడు.

"ఏమండీ, ఒకసారి చూపిద్దామా?"

"వైర్లు బిగించేవాడు డాక్టరా? నువ్వు కూడా భలేదానివి!"

అప్పటికప్పుడు షాపు యజమానికి మెసేజ్ పెట్టాడు. మీ మనిషికి పొగరెక్కువ, పిలిస్తే పలకడు, గుడ్లప్పగించి చూస్తాడు, పిల్ల మీద లేనిపోని మాటలంటాడు, ఇలాంటివాణ్ణి ఇళ్ళకు పంపకండి అని.

సాయంత్రం ఆఫీసువాళ్ళు ఆహా ఓహో అన్నారు. పాప మాత్రం మర్నాటి నుంచీ మళ్ళీ సౌండ్ పెంచడం మొదలుపెట్టింది. కొత్తది కదా, అలవాటు పడాలిలే అన్నాడు ఇంటాయన. క్లాసులో పరధ్యానం అని టీచరు రాసి పంపితే గొంతు చించుకుని తిట్టాడు. ఆ తిట్లు మాత్రం పాపకు బాగానే వినపడ్డాయి.

ఏడో నెలలో, వెనకనుంచి వస్తున్న సైకిల్ బెల్లు వినక, పాప దాని కింద పడింది. మోకాలికి కట్టు కట్టిన డాక్టరు ఆమెను వెనకనుంచి రెండుసార్లు పిలిచి చూసి, చెవుల డాక్టరమ్మకు చీటీ రాశాడు.

డాక్టరమ్మ చాలాసేపు పరీక్ష చేసింది.

"ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడిది సగమే ఉంది, దానికి మెషీన్ పెడదాం. ఆరు నెలల ముందు తెచ్చుంటే రెండూ చాలావరకు నిలబెట్టేవాళ్ళం. ఇన్నాళ్ళూ ఎవరికీ అనుమానమే రాలేదా?"

ఇల్లాలు భర్త వైపు చూసింది. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకు.

మర్నాడు షాపు తెరవకముందే వెళ్ళి మెట్లమీద నిలబడ్డాడు.

"ఆయన్ని ఒక్కసారి పిలవండి. కాళ్ళు పట్టుకోవాలి."

షాపు యజమాని షట్టర్ ఎత్తుతూ, "మానేశాడు సార్," అన్నాడు. "నేను పొమ్మనలేదు. మీ మెసేజ్ చూపించా. చదువుకుని, పనిముట్ల సంచి బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు. అలాంటి పనిమంతుడు నాకు మళ్ళీ దొరకలేదు."

"తప్పు నాదే. నంబరివ్వండి. ఇప్పుడే ఫోన్ చేసి క్షమించమని అడుగుతాను."

షాపు యజమాని షట్టర్ తాళం జేబులో వేసుకున్నాడు.

"ఫోనెందుకు సార్, ఆయనకు రెండు చెవులూ వినపడక పన్నెండేళ్ళయింది."