ఒకడు ఎక్కువయ్యాడు

"నాను పోను," అన్నాడు ముత్యాలు. "పొమ్మనడానికి ఈ హోటలు నీదేటి?"

హోటలు సుగంధిది కాదు. ఆమె మలేసియాలోని క్లాంగ్ రేవు ఫుట్‌బాల్ క్లబ్ అభిమానుల సంఘానికి కార్యదర్శి, అంతే. ఆదివారం మధ్యాహ్నం అరిటాకు భోజనాల హోటల్లో వెనక గది అడిగి తీసుకుని సంఘం పెద్దలు నలుగురూ కూర్చున్నారు. ఈ ఒక్క విషయం మాకు వదిలెయ్ మావా, ఇంటికెళ్లి కాస్త నడుం వాల్చు అని ఆమె ఇందాకట్నించీ బతిమాలుతోంది. అన్నప్పుడల్లా ముత్యాలు కుర్చీ ఇంకాస్త ముందుకి లాక్కుంటున్నాడు. రేవులో లారీ నడిపి రిటైరై, మ్యాచుల రోజు స్టేడియం స్టాండులో డోలు మాత్రం ఇంకా వదలని మొండిఘటం ఆయన. డోలు లేనప్పుడు బల్ల మీద వాయిస్తాడు.

విషయం చిన్నదే, చిరాకే పెద్దది. ఆదాయంలో ఇంత భాగానికి మించి జీతాలకు ఖర్చు పెట్టకూడదని లీగ్ రూలు. క్లబ్ మించిపోయింది. రేపటిలోగా ఒక ఆటగాణ్ణి తగ్గించకపోతే వచ్చే సీజన్‌కి లైసెన్సు రాదు, లైసెన్సు లేకపోతే క్లబ్బే ఉండదు. రూలును తిట్టడానికీ లేదు. జీతాలు అందక ఆటగాళ్లు సాయంత్రం పూట ఇళ్లకు బిర్యానీ పొట్లాలు మోసిన రోజులు అందరికీ గుర్తే. కానీ అడ్డగోలుగా ఖర్చుపెట్టిన పెద్దమనుషుల్లో ఒక్కడి కుర్చీ కూడా కదల్లేదు. పైగా మేనేజరు మహా తెలివైనవాడు. పంపడానికి ఇద్దరే ఉన్నారు, గోల్‌కీపర్ కిషేన్, సముద్రం అవతల సబా రాష్ట్రం నుంచి వచ్చిన ఫార్వర్డ్ జైనల్, ఎవరన్నది మీరే చెప్పండి, క్లబ్ మీది కదా అని అభిమానుల నెత్తిన పెట్టి చేతులు దులుపుకున్నాడు. టిక్కెట్ల ధర పెంచినప్పుడు మాత్రం క్లబ్ ఎవరిదో ఆయనకి గుర్తు రాలేదు.

లిటిల్ ఇండియాలో మసాలా కొట్టు నడిపే లెచ్చుమనన్ గొంతు సవరించుకుని, జైనల్‌ని పంపేద్దాం అన్నాడు. కంప్యూటర్ కంపెనీలో పనిచేసే తర్షన్ వెంటనే తలూపాడు. సుగంధి కూడా సరే అని రాసుకోబోయింది.

ముత్యాలు బల్ల మీద కొట్టాడు. తేతారిక్ టీ గ్లాసులు ఎగిరాయి.

"మీకు బుర్రలున్నాయేటి? ఈ ఏడు మనమేసిన గోల్సులో సగం ఆ జైనల్‌వే. రేపు ఎవుడేస్తాడు, నువ్వేస్తావేటి లెచ్చుమనా?"

లెచ్చుమనన్ తన పొట్టకేసి చూసుకుని, కిషేన్ క్లాంగ్‌లో పుట్టిన పిల్లాడు, కుర్రతనం నుంచీ ఈ జట్టుకే ఆడాడు, ఇంకో క్లబ్ పిలిచినా పోలేదు అని నసిగాడు. ఆ మాటకి ముత్యాలు ఇంకా రేగిపోయాడు.

"పోలేదు, మంచిదే. ఆడి మోకాలు పోయింది గదా. పొద్దున్నే గోడ పట్టుకోకండా మెట్లు దిగలేడు. ఎడం పక్క బంతొస్తే ఆలస్యంగా పడతన్నాడు. మీకూ కనబడతంది, నాకూ కనబడతంది. నోరు తెరవరేటి?"

నిజమే, కనబడుతోంది. గత నెల రెండు మ్యాచులు ఆ ఎడం పక్కే పోయాయి. తర్షన్‌కి తెలుగు బాగా అర్థమవుతుంది గానీ నోట్లోంచి సగమే వస్తుంది, మిగతాది ఇంగ్లీషూ, ఇక్కడివాళ్లు మాట చివర తగిలించే 'లా'నూ. వన్ సీజన్ మేనేజ్ చేద్దాంలా అంకుల్, టెన్షన్ వద్దు అన్నాడు. ఆ వన్ సీజన్‌లోనే కింది లీగ్‌కి జారిపోతామని ముత్యాలు కసిరాడు.

అసలు ఏ పేరూ చెప్పం, మీ తప్పు మీరే దిద్దుకోండి అని మేనేజరుకి చెప్పేద్దామంది సుగంధి. ఆయన చెయ్యడు, గడువు దాటిపోతుంది, క్లబ్ మూతపడుతుంది అన్నాడు ముత్యాలు. ఆమెకి ఒళ్లు మండింది. ఇంత మంది ఇంత వెనక్కి లాగుతుంటే ఒక్కడు ఇంత పట్టు పట్టడమేమిటి?

"మావా, నీకెందుకింత పంతం? జైనల్‌ని పంపితే నిన్నెవరూ ఏటీ అనరు."

"అంటారు. మనోడని ఉంచేసినారంటాది ఊరు. ఆ మాట పడి నాను స్టాండులో డోలు కొట్టలేను."

కిషేన్‌ని తియ్యాలన్నవాళ్లు చేతులెత్తండి అని తనే అని, తనే ముందు ఎత్తాడు. ఇంకెవరూ ఎత్తలేదు. ఎత్తిన చెయ్యి దించకుండా అందరి మొహాలూ చూస్తూ కూర్చున్నాడు. చివరికి లెచ్చుమనన్ విసుగ్గా, ఎటో చూస్తూ ఎత్తాడు. తర్షన్ కూడా ఎత్తాడు. సుగంధి చెయ్యి ఎత్తకుండానే మేనేజరుకి మెసేజ్ పెట్టి, ఫోను బల్ల మీద పడేసింది.

వానలో ఆయన్ని తన కార్లోనే ఇంటికి తీసుకెళ్లింది. దారంతా ముత్యాలు మేనేజర్ని తిట్టాడు, లీగ్‌ని తిట్టాడు, వంతెన మీద ట్రాఫిక్‌ని తిట్టాడు. గేటు ముందు మాత్రం దిగకుండా కాసేపు అలాగే కూర్చున్నాడు.

"నానూ లోపలికి రానా మావా?"

"అక్కర్లేదు. నువ్వెళ్లు."

వంటింట్లో ఆయన భార్య దాలమ్మ చేపల పులుసు కాస్తోంది. వెనక్కి తిరక్కుండానే, ఎవుర్ని తీసినారు అని అడిగింది.

"కిషేన్‌ని."

"ముందు సెయ్యెత్తింది ఎవులు?"

"నానే."

దాలమ్మ గరిటె పక్కన పెట్టి పొయ్యి కట్టేసింది. తిడుతుందని ముత్యాలు కాచుకున్నాడు. ఆమె తిట్టలేదు. చేతులు కొంగుకి తుడుచుకుని, ఆయన ఎదురుగా వచ్చి కూర్చుంది.

"మరి కొడుక్కి నువ్వు సెప్తావా, నన్ను సెప్పమంటావా?"