ఎదురుచూసే మనిషి

ఇప్పుడు బొలీవియా వీసాకు కాగితాలు అడగడం లేదు. ఇంటి గోడలో అమర్చిన కన్ను చూస్తూ ఉంటుంది. వెళ్ళే మనిషి కోసం ఇక్కడ ఎదురుచూసేవారు ఒక్కరున్నారని తేలితే చాలు, గోడ పచ్చగా వెలుగుతుంది, వీసా వచ్చినట్టే.

పోఖరా ఊళ్ళో ఒంటరిగా ఉంటున్న దిల్‌మాయాకు ఆ ఒక్కరే కరువయ్యారు. బొలీవియా ఉప్పు గనుల్లో పనికి వెళ్ళిన భర్తను అక్కడే పూడ్చిపెట్టారు. ఆ సమాధి పక్కనే మిగిలిన బతుకు వెళ్ళదీయాలని ఆమె కోరిక. తిరిగి వచ్చే ఆలోచన లేదు.

ప్రయాణమయ్యేవారికి వాకిట అటూ ఇటూ నీళ్ళ కలశాలు ఉంచి, నుదుట పెరుగూ బియ్యమూ అద్ది సాగనంపడం ఆ ఊరి ఆచారం. దిల్‌మాయా కలశాలు తానే పెట్టుకుంది. అద్దంలో చూసుకుంటూ నుదుట తానే అద్దుకుంది.

"ఎదురుచూసేవారు లేరు," అంది గోడ, ఎర్రగా.

అప్పుడే పాలచెంబుతో వచ్చిన పక్కింటి పూర్ణకుమారి గుమ్మంలో ఆగిపోయింది.

"ఇదేం చోద్యం దిదీ! నిన్ను నువ్వే సాగనంపుకుంటున్నావా? నేనేమన్నా చచ్చానా?"

ఆ నుదురు కొంగుతో తుడిచేసి, తన చేత్తో మళ్ళీ అద్దింది.

"ఎప్పుడొస్తావ్?"

ఆ మాట తననెవరైనా అడిగి ఎన్నేళ్ళయిందో! దిల్‌మాయా నుదుటి మీది బియ్యం తాకి చూసుకుంది.

"చెప్పు దిదీ, నీకు మళ్ళీ ఎప్పట్నుంచి పాలు తీసిపెట్టను?"

గోడ పచ్చగా వెలిగింది. ఇక వెళ్ళడానికి అడ్డేమీ లేదు. దిల్‌మాయా మాత్రం రెండు కలశాల మధ్య అలాగే నిలబడిపోయింది.