భోజనం తర్వాతి గంట

"కొట్టు తాళాలు ఇలా ఇవ్వండి నాన్నా," అంటూ కొడుకు చెయ్యి చాపాడు.

గడియారాలు బాగుచేసే పెద్దాయన జేబు గట్టిగా పట్టుకున్నాడు. నుదుటి మీద కట్టు కింద గాయం ఇంకా పచ్చిగానే ఉంది. మధ్యాహ్నం భోజనం చేసి లేచీ లేవగానే కళ్లు బైర్లు కమ్మి, బల్ల అంచుకు తల కొట్టుకుని పడ్డాడు.

పేచీ డాక్టరమ్మ ఎదుటే జరుగుతోంది. పెద్దవయసులో కొందరికి తిండి తిన్నాక బీపీ జారిపోతుందని ఆవిడ చెప్పింది. భోజనానికి ముందు గ్లాసుడు నీళ్లు తాగాలి, ఒకేసారి కడుపునిండా తినకూడదు, తిన్నాక గంటసేపు కుర్చీ దిగకూడదు. వారం చూశాకే కొట్టుకు వెళ్లాలి.

"ఇదివరకు ఎప్పుడైనా పడ్డారా?"

"ఎన్నడూ లేదమ్మా."

"మరి ఈమధ్య ఏం మారింది?"

పెద్దాయన కాస్త నసిగాడు. "మా ఆవిడ నాలుగు రోజులుగా అమ్మాయి దగ్గరుంది. ప్రశాంతంగా తింటున్నాను."

కొడుకు నవ్వు ఆపుకున్నాడు. కంచం ఖాళీ కాగానే అమ్మ తిట్లు అందుకునేది. ఊడిన గుండీ దగ్గర మొదలుపెట్టి వాళ్ల పెళ్లిచూపుల దాకా వెళ్లేది. నాన్న మాటకు మాట అప్పజెప్పేవాడు. ఒక్కపూటైనా ఆవిడ నోరు మూతపడాలని పెద్దాయన రోజూ దేవుడికి మొక్కుకునేవాడు. తీరా దేవుడు ఆ కోరిక తీర్చి, నాలుగో రోజునే తనను కింద పడేశాడు. ఇదెక్కడి న్యాయమో ఆయనకు అంతుపట్టలేదు.

మర్నాడు ఆవిడ కూతురింటి నుంచి వచ్చింది. అంతా విని తల ఊపింది. వారమంతా పల్లెత్తు మాట అనలేదు.

ఏడో రోజు భోజనమైన గంటకు కొడుకు బీపీ చూశాడు. జారలేదు. తాళాలు బల్ల మీద పెట్టి వెళ్లాడు.

పెద్దాయన తాళాలు ముట్టుకోలేదు. ఆవిడ చూస్తూండగానే తడిచెయ్యి పరదాకి తుడిచాడు. ఆవిడ బటానీలు వొలుస్తూనే ఉంది.

"ఏమే, ఒంట్లో బాగాలేదా? తిట్టవేం?"

"ఇంకెందుకు? గంటసేపు కూర్చోమని డాక్టరమ్మ చెప్పిందిగా."

"దానికీ దీనికీ ఏమిటి సంబంధం?"

"తినగానే లేస్తే మీరు తూలుతారని నాకు పదేళ్లనాడే తెలుసు. కూర్చోమని బతిమాలితే విన్నారా? తిడితే మాత్రం, బదులు చెప్పడం అయ్యేదాకా కుర్చీ వదిలేవారు కాదు."