పగిలిన పాలపిట్ట

గాజు ఊదే పోటీ పెట్టిన పెద్దలకు,

నా పేరు సమ్మమ్మ. వయసు డెబ్బై నాలుగు. మడికొండలో కొడుకు, కోడలు యమునతో ఉంటాను. చదువు రాదు కనుక చెప్పి రాయిస్తున్నాను.

నిన్న పోటీలో యమున మంట మీద గాజు ఊది చేసిన పాలపిట్ట చల్లారకముందే పగిలింది. పక్క బల్ల సుదర్శన్ నీళ్లు చిలకరించాడని పోటీ నుంచి అతని పేరు కొట్టేశారు. అతను ఆ పని చేయలేదు. దిష్టి తీసే వంకతో తడిచేత్తో పిట్టను ముట్టింది నేను. అతని పేరు మళ్లీ ఎక్కించండి.

"ముసలామె, తెల్వక ముట్టింది, పోనీయుండ్రి" అని నవ్వకండి. ముప్పై ఏళ్లు ల్యాబుల గాజు గొట్టాలు ఊదినదాన్ని. వేడి గాజుకు తడి తగిలితే ఏమవుతుందో నాకు తెలుసు. యమునకు పని నేర్పింది నేనే. అంత పల్చని రెక్క నా ఊపిరికి ఒక్కనాడూ రాలేదు. ఓర్వలేకపోయాను.

"అత్తమ్మా, తెల్సే చేసినవా?"

"తెల్సే చేసిన. కలం ఎందుకు ఆపినవే? తిట్టుడు తర్వాత తిట్టు, ముందుగాల రాయి."

సమ్మమ్మ ఎడమ బొటనవేలి ముద్ర.

సాక్షులు: ఇరుగింటి విమలమ్మ, వెంకట్రాజం.

రాసింది: కోడలు యమున.