కుడి రెక్క

"రెక్క గీకమని మీకెవరు చెప్పారంకుల్?"

చాందిని అరుపుకి చందాపుర షెడ్డులో పనివాళ్ళంతా తలలెత్తారు.

ముసలాయన చేతిలో మూరెడు చెక్క దిమ్మ ఉంది. దానికి చుట్టిన తడి ఉప్పుకాగితం ఉంది. అద్దంలా మెరవాల్సిన గ్లైడర్ కుడి రెక్క సున్నం కొట్టిన గోడలా పాలిపోయి ఉంది.

అది ఇంజను లేని విమానం. చాందిని నాలుగేళ్ళ కష్టం. కిలోమీటరు ఎత్తున వదిలితే యాభై కిలోమీటర్లు జారుకుంటూ పోవాలి. పది రోజుల్లో కొనేవాళ్ళు వస్తున్నారు. యాభై రాకపోతే షెడ్డుకి తాళమే.

ముసలాయన మొన్న తనంతట తనే వచ్చాడు.

"రెక్కలు నునుపు చేసే పని నేను చేస్తానమ్మా. నన్ను..."

"కాంట్రాక్టర్ పంపాడా? సరే, పాలిష్ పెట్టండి" అనేసి చాందిని లాప్‌టాప్‌లో తల దూర్చింది. పేరు కూడా అడగలేదు.

ఇప్పుడాయన నిదానంగా చెప్పాడు.

"ఈ మెరుపు సుమ్నే, ఉత్తి కంటికమ్మా. అడుగున అలలుండాయి, చెయ్యి పెట్టి చూడు. గాలికి కావల్సింది నునుపు. ఇంకో రెండు దినాలియ్యి, ఎడమదీ చేసేస్తా."

"కంప్యూటర్లో అలలేం లేవంకుల్."

"కంప్యూటర్లో పెయింటు కూడా లేదు కదమ్మా."

ఎవరో కిసుక్కున నవ్వారు. చాందినికి ఒళ్ళు మండింది.

"మీరింక వెళ్ళొచ్చు."

ఆయన దిమ్మ కడిగి, తుడిచి, సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు. ఎవరూ గేటు దాకా కూడా వెళ్ళలేదు.

మర్నాడు హోసూరు వైపు ఎయిర్‌స్ట్రిప్‌లో పైలట్ స్టాన్లీ గ్లైడర్ నడిపాడు. దిగుతూనే పెదవి విరిచాడు.

"నలభై ఏడు కిలోమీటర్లే. పైగా ముక్కు ఎడమకి లాగేస్తోంది. దాన్ని తిన్నగా పట్టడానికి పెడల్ తొక్కి తొక్కి నా కాళ్ళు పీకేశాయి."

చాందిని లెక్క కట్టింది.

"రెక్కలు రెండూ ఒకేలా లేవు, అందుకే లాగుతోంది. ఒకేలా చేస్తే ఆ మూడూ వచ్చేస్తాయి. ముసలాయన పాడుచేసిన కుడిదాన్ని ఎడమదానిలా చేసేద్దాం."

లెక్క బాగానే ఉందనిపించింది అందరికీ. కుడి రెక్కకి మళ్ళీ పెయింటు, పాలిష్ పడ్డాయి. చాందిని అందులో చూసుకుని జుట్టు సర్దుకుంది.

పదో రోజున, కొనే క్లబ్బు తరఫున గురుమూర్తి వచ్చాడు. తనే నడిపి చూసి దిగాడు.

"తిన్నగా పోతా ఉండాదమ్మా. ఏ పక్కకీ లాగలేదు."

చాందిని ఊపిరి పీల్చుకుంది.

"కానీ నలభై నాలుగే వచ్చింది."

చాందినికి అప్పుడు అర్థమైంది. నలభై ఏడు ఇచ్చింది కుడి రెక్క. వెనక్కి లాగింది ఎడమది. తనేమో మంచిదాన్ని తీసుకెళ్ళి చెడ్డదానిలా చేసింది.

వెళ్ళి ఎడమ రెక్క మీద అరచెయ్యి పెట్టింది. మెల్లగా జరిపింది. మెరుపు కింద అలలు వేళ్ళకి తగిలాయి. ఇన్నాళ్ళూ ఒక్కసారైనా ఇలా చూడనందుకు సిగ్గేసింది.

"పైన పటారం, లోన లొటారం," గొణిగాడు స్టాన్లీ. "ఆ ముసలాయన ఎక్కడుంటాడో ఎవరికన్నా తెలుసా?"

ఎవరికీ తెలీదు.

"ఒక్క వారం టైమివ్వండి సార్," అంది చాందిని.

"ఇంక లేదమ్మా. ఈ దినమే తేల్చమన్నారు మావాళ్ళు. నలభై నాలుగంటే తీసుకోరు."

గురుమూర్తి కారు తలుపు తీశాడు. ఎక్కబోతూ ఆగి, చుట్టూ చూశాడు.

"అసలు మీ డ్రాయింగులు చూసి, ఇది యాభై దాటుతుంది కొనండప్పా అని మా క్లబ్బులో పట్టుబట్టింది మా గురువు నరసింహప్పగారే; రెక్కలు నా చేత్తోనే నునుపు చేసిస్తానని పన్నెండు దినాల కింద చెక్క దిమ్మ సంచిలో వేసుకొని మీ దగ్గరికే వచ్చినారు, యాడుండారమ్మా?"