రెండో విలన్ మొహం

“లే, లే, ఆ చివరికి పోదాం.”

అప్పుడే కూర్చున్న భార్యను మొగుడు చెయ్యి పట్టుకుని లేవదీశాడు. గొంతు తగ్గించాననుకున్నాడు గానీ, పక్క సీట్లో ఉన్న అంకమ్మరావుకి అక్షరం పొల్లుపోకుండా వినపడింది. సీటు నంబర్లు ఎవరూ పట్టించుకోని పాత హాలది. ఎవరైనా ఎక్కడికైనా పోవచ్చు. అంకమ్మరావు దగ్గర్నుంచి మాత్రం అందరూ పోతారు.

అతను చేసిన తప్పేమీ లేదు. గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోస్తాడు. ఘాటుకి కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉంటాయి. బస్తా లాగే కొక్కెం జారి ఒకసారి చెంప చీరుకుంది. ఆ గాటు మీసం దాకా ఉంది. అంతే. పోనీ తాగుతాడా అంటే, కల్లు కూడా ముట్టడు.

యార్డుకి సెలవని ప్రతి శనివారం మ్యాట్నీకి వస్తాడు. ఒక్క సినిమా, ఒక్కటంటే ఒక్కటి, పక్కన మనిషి ఉండగా చూడాలని అతని కోరిక. ఇంతకంటే చిన్న కోరిక ఉంటుందా చెప్పండి!

“ఇక్కడెవరన్నా ఉన్నారా అబ్బాయ్?”

తెల్లచొక్కా, నుదుట విభూతి, చేతిసంచి. అరవై దాటిన మనిషి. అంకమ్మరావు గబగబా సీటు తుడిచాడు.

“లేరండీ, కూర్చోండి.”

“శేషాచలం అంటారు నన్ను. తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యాను” అంటూ ఆయన కూర్చున్నాడు. అంకమ్మరావు చొక్కాకి అంటిన మిర్చి ఘాటుకి తుమ్మి, అతని మొహంలోకి చూశాడు. చూసి కూడా లేవలేదు!

అది గూఢచారి సినిమా. హీరో పైఆఫీసరే రెండో విలన్ అనీ, దేశ రహస్యాలు అమ్మేస్తున్నది వాడేననీ ఇంటర్వెల్ ముందు బయటపడింది. లైట్లు వెలిగాయి. మాస్టారు ఉల్లి సమోసా తెచ్చి సగం తుంచి ఇచ్చాడు. అంకమ్మరావు రెండు చేతులా అందుకున్నాడు.

“ఆ రెండో విలన్‌ని చూశావూ? తెరమీదికి రాగానే తెలిసిపోలా, దొంగ వాడేనని! ఆ కళ్ళేంటి, ఆ గాట్లేంటి!”

“సరిగ్గా సరిపోయాడుగా మాస్టారూ.”

“సరిపోవడమే తప్పయ్యా! గూఢచారి అన్నవాడు పక్కన కూర్చున్నా తెలియకూడదు. నాలాంటి వాణ్ణి పెట్టాల్సింది. ఒక్కడు కనిపెడితే నన్నడుగు.”

అంకమ్మరావు పకపకా నవ్వాడు. ముందు వరసలో వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

“మీరు విలనేంటండీ! చంటిపిల్లోడు కూడా ఒప్పుకోడు.”

“అదేగా నేననేది!”

కాసేపటికి అంకమ్మరావు తల వంచుకుని అడిగాడు. “మరి ఆ మొహం ఉన్నోడు ఏం చెయ్యాలండీ? వాడికి ఇంకో వేషం ఎవరిస్తారు?”

మాస్టారు అతని భుజం మీద చెయ్యి వేశాడు. “నీ మొహంలో ఏముందయ్యా, మిరపఘాటు తప్ప!”

లైట్లు ఆరిపోవడం మంచిదయింది. ఆ ఎర్రకళ్ళు నీళ్ళతో నిండిపోయాయి.

సినిమా అయిపోగానే మాస్టారు, “వినుకొండ బస్సుకి వేళయింది, వస్తా” అని జనంలో కలిసిపోయాడు. అంకమ్మరావు బయటికొచ్చి, సోడా తాగుదామని చొక్కా జేబు తడుముకున్నాడు. బస్తాలకి వంగినప్పుడు పర్సు జారిపోతుందని ఆ జేబుకి ఎప్పుడూ గుండీ పెట్టుకుంటాడు. గుండీ ఊడదీసి ఉంది. పర్సు లేదు.

అతను వెతుక్కోవడం చూసి గేటు దగ్గర టికెట్లు చించే ముస్తాక్ వచ్చాడు.

“ఏరా, నీ జేబే కొట్టేశారా? నిన్ను చూస్తేనే జనం దడుచుకుంటారు గదరా! సరే, మేనేజరుతో చెబుదాం, హాల్లో కెమెరా ఉంది. పక్కన ఎవరు కూర్చున్నారో చెప్పు.”

అంకమ్మరావు జేబు గుండీ మళ్ళీ పెట్టుకున్నాడు. చేతికింకా సమోసా వాసన ఉంది.

“ఎవరూ లేరన్నా” అన్నాడు. “నా పక్కన ఎవరు కూర్చుంటారు?”

మరుసటి శనివారం అదే సినిమాకి అందరికంటే ముందొచ్చాడు. పక్క సీటు మీద తువ్వాలు వేశాడు. కొత్త పర్సు చొక్కా జేబులో పెట్టుకుని, గుండీ తనే ఊడదీసుకుని, గుమ్మంకేసి చూస్తూ కూర్చున్నాడు.